చిట్టి పళ్ల మచ్చల గురించి అక్కకు

డల్లాస్

అక్కా,

బావకు, అత్తమ్మకు నమస్కారాలు చెప్పు. చిట్టి పళ్ల ఫోటోలు చూసిన. పుచ్చు కాదు, కంగారు పడకు. ముందరి పై పళ్లు రెండింటికీ ఒకే తీరుగా అడ్డంగా తెల్లచారలున్నయి, నిగనిగ పోలేదు. ఇది ఫ్లోరైడ్ పనే. పుచ్చు మొదలైతే మచ్చ చిగుళ్ల అంచున, సున్నం పూసినట్టు మసకగా ఉంటది. పాలపన్నుకు దెబ్బ తగిలి, తర్వాత వచ్చే పన్ను మీద పడే మచ్చ మామూలుగా ఒక్క పన్నుకే ఉంటది.

ఈ చారలు ఇప్పుడు పడ్డవి కావు. పాలపళ్లు ఊడినంక వచ్చే ముందరి పళ్ల ఎనామిల్ (పన్ను పైనుండే గట్టి పొర) దవడలోనే, నాలుగైదేళ్లు నిండేలోపే తయారైపోతది. అప్పుడు ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎనామిల్ పూర్తిగా గట్టిపడక సన్నని రంధ్రాలు మిగులుతయి, అక్కడ తెల్లగా కనిపిస్తది. అందుకే నా బెంగంతా రెండేళ్ల చిన్నోడి మీదనే. వాడి పళ్లు ఇప్పుడే తయారవుతున్నయి.

మునుగోడు దిక్కు బోరు నీళ్ల సంగతి నీకు తెలియనిదా! తాగే నీళ్లల్ల ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటొద్దు, వేరే దారి లేకుంటే 1.5 దాకా. అమెరికాలో చాలా ఊళ్లల్ల పళ్లు పుచ్చకుండా 0.7 ఉండేట్టు కావాలనే కలుపుతరు, మనకేమో భూమిలోనే ఎక్కువాయె. తాగడానికే కాదు, అన్నం, పప్పు, చాయ్ అన్నిటికీ భగీరథ నల్లా నీళ్లే వాడు. బోరు నీళ్లు కాచినా ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇంకినకొద్దీ ఇంకా చిక్కబడుతది. క్యాండిల్ ఫిల్టర్ కూడా పనికిరాదు. ఆర్‌ఓ ఫిల్టర్ తీసేస్తది, కానీ దాని లోపల నీళ్లు వడకట్టే పొర (మెంబ్రేన్) పాడైతే అది ఉన్నా లేనట్టే.

చిన్నోడికి పేస్టు బియ్యపుగింజంత చాలు, మూడేండ్లు దాటినంక బఠాణీగింజంత. మింగనియ్యకు.

చిట్టికి నిమ్మకాయ, వంటసోడా, బొగ్గుపొడి రుద్దకండి. ఎనామిల్ అరుగుతది తప్ప మచ్చ పోదు. పైపై మచ్చైతే యాసిడ్ కలిపిన పేస్టుతో డాక్టరే సన్నగా అరగదీస్తడు. కొంచెం లోతైతే రెసిన్ (లైటు పెడితే గట్టిపడే జిగురు లాంటి మందు) ఎక్కిస్తరు: 15 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్ జెల్ 2 నిమిషాలు ఉంచి, కడిగి, ఆరబెట్టి, ఆల్కహాల్ రాస్తరు. అప్పుడు మచ్చ మాయమైతున్నట్టు కనిపిస్తేనే పల్చటి రెసిన్ పూసి 3 నిమిషాలు ఇంకనిచ్చి, లైటు పెట్టి గట్టిపరుస్తరు. కనిపించకుంటే మళ్లీ జెల్ పెట్టాలె. తేమ మిగిలితే రెసిన్ లోపలికి దిగదు, అట్ల తొందరపడి చేసినదే చెడేది. తెల్లబరిచే బ్లీచింగ్ మాత్రం వద్దు, మొదట్ల మచ్చే ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తది. అసలు చిట్టి పళ్లు ఇంకా పూర్తిగా దిగలేదు, ఒకటి రెండేండ్లు ఆగినా నష్టం లేదు.

ముందు నీళ్లు పరీక్ష చేయించు. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో లీటరు పట్టు, గాజుది వద్దు. నల్లా నీళ్లు ఒకటి, బోరువి ఒకటి, పేర్లు రాసి అంటించు. నల్లగొండల నీటి పరీక్షల ల్యాబ్‌కు బావను పంపి, రిపోర్టు నాకు వాట్సాప్‌లో పెట్టు.

నీ తమ్ముడు