రెప్ప ఎత్తిన వారందరికీ

నిన్న సాయంత్రం ఆరింటికి కనురెప్పను వేలితో ఎత్తి పట్టుకోకుండా గడియారం చూశాను. మూడు నెలలైంది ఆ పని చేసి. అందుకే, మయస్థీనియా గ్రేవిస్ అనే కండరాల నీరసం జబ్బు నుంచి నన్ను లేవదీసిన మీ అందరికీ ఇక వాయిదా వేయకుండా రాస్తున్నాను.

తెనాలి దగ్గర హైస్కూల్లో తెలుగు చెబుతాను. నిరుడు దసరా సెలవుల తర్వాత, పొద్దున ఖంగుమనే గొంతు మధ్యాహ్నానికి ముక్కులోకి జారడం మొదలైంది. పద్యం ఎత్తుకుంటే నాలుగో పాదానికి మాట ముద్దయ్యేది. అన్నం నములుతుండగానే దవడ మొరాయిస్తే చేత్తో ఆనించి నమిలేదాన్ని. రెండు చోట్ల చూపిస్తే రక్తం తక్కువన్నారొకరు, దిగులన్నారొకరు. ఉదయం చేసిన పని సాయంత్రం చేయలేనంటే నాటకమనిపించదూ? నాకే ఆ అనుమానం వచ్చింది. ఈలోగా జ్వరానికి లెవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ రాశారు. ఈ జబ్బున్నవాళ్ళకు ఆ కోవ మందులు ముప్పని అప్పుడు తెలియదు. రెండో రోజుకు ఊపిరి బరువెక్కింది.

ఆ రాత్రి గుంటూరులో నన్ను చూసిన యువ వైద్యుడికి మొదటి నమస్కారం. గ్లౌజులో ఐసుముక్కలు వేసి మూసిన కంటిమీద రెండు నిమిషాలు పెట్టారు. తీయగానే రెప్ప లేచింది! "ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలరు, టీచరు గారూ?" అన్నారు. పద్నాలుగు దగ్గర ఆగిపోయాను. అరగంటలో ఐసీయూలో ఉన్నాను. జబ్బు పేరు అప్పుడే తెలిసింది.

కుదుటపడ్డాక ఆయనే కాగితం వెనక బొమ్మ గీసి చెప్పారు. నరం కొస కండరానికి తగలదట, మధ్య సన్నని సందు. నరం అటునుంచి అసిటైల్‌కోలిన్ అనే రసాయనపు గింజలు చల్లుతుంది, కండరం ఇటునుంచి చేటలు పట్టి అందుకుంటుంది. ఆ చేటలే రిసెప్టర్లు. శత్రువుల మీదికి వెళ్ళాల్సిన యాంటీబాడీలు నా ఒంట్లో ఆ చేటల మీద పడ్డాయి. కొన్ని చేట నోరు మూస్తాయి. కొన్ని రెండేసి చేటలను జతకట్టి కణంలోకి లాగించేస్తాయి. అన్నిటికంటే చెడ్డవి కాంప్లిమెంట్ అనే ప్రొటీన్ల దండును పిలిచి, చేటలు నిలిచే గట్టునే విరగ్గొట్టిస్తాయి. నరమూ బాగానే ఉంటుంది, కండా బాగానే ఉంటుంది.

మరి సాయంత్రానికే ఎందుకు? మొదటి దోసిళ్ళు నిండుగా వస్తాయి, చల్లేకొద్దీ పలచబడతాయి. చేటలు దండిగా ఉన్నవాళ్ళకు ఆ తేడా తెలియదు. నాకు తెలుస్తుంది. కాసేపు ఆగితే మళ్ళీ దోసిలి నిండుతుంది. ఆ మాటతో నాటకమన్న అనుమానం పోయింది. నేను వేసుకునే పిరిడోస్టిగ్మిన్ మాత్ర, రాలిన గింజలను వెంటనే ఊడ్చేసే ఎంజైమును మూడు నాలుగు గంటలు ఆపుతుంది. ఐసు చేసిందీ అలాంటి పనే. 1973లో అమెరికాలో విద్యుత్ ఈల్ చేప రిసెప్టర్లను కుందేళ్ళకు ఎక్కిస్తే, వాటి ఒంట్లోనూ రిసెప్టర్ల మీదికి యాంటీబాడీలు పుట్టి, ఇలాగే కండరాలు చచ్చుబడ్డాయట. పాపం, ఆ కుందేళ్ళకూ ఒక దండం.

మెడలో గొట్టం పెట్టి, రోజు విడిచి రోజు ఐదుసార్లు ప్లాస్మా, అంటే రక్తంలో కణాలు పోగా మిగిలే ద్రవం, మార్చారు. యాంటీబాడీలు ప్లాస్మాలోనే ఉంటాయి, దాన్ని తీసి వేరే ప్లాస్మా ఎక్కిస్తారు. ఆ మాట విని నా పాత విద్యార్థులు పదకొండుమంది బ్లడ్ బ్యాంకుకు వెళ్ళారు. అందులో ఒకడు పదో తరగతిలో సంధులు రావని నాచేత చీవాట్లు తిన్నవాడే. నాయనా, నీకు సంధులన్నీ మాఫీ. రాత్రంతా గంటకోసారి లేపి లెక్క పెట్టించిన నర్సమ్మకు కూడా నమస్కారం. విసుక్కున్నాను, మన్నించాలి. మూడో మార్పిడి అయ్యేసరికి ముప్పైమూడు దాకా వెళ్ళాను.

ఒళ్ళు యాంటీబాడీలను తయారు చేస్తూనే ఉంటుంది కనుక ఇది కొన్ని వారాల ఊరటే. ఆ తయారీని అణచడానికి స్టెరాయిడ్లు, అజాథయోప్రిన్ మాత్రలు నెలల తరబడి వాడాలి. ఆ తయారీకి ఊతమిచ్చే థైమస్ గ్రంథి ఛాతీ ఎముక వెనక ఉంటుంది, వచ్చే నెల దాన్ని తీసే ఆపరేషన్ ఉంది.

హెడ్మాస్టరు గారు నా పీరియడ్లన్నీ ఉదయానికి మార్చారు. మూడు నెలలుగా నా తరగతులు మోసిన హిందీ టీచరు గారూ, సోమవారం నుంచి ఎనిమిదో తరగతి నాకిచ్చేయండి. పద్యాలు మాత్రం ఇంకొన్నాళ్ళు మీరే పాడాలి.