మాట్లాడని ఇల్లు ఏదో చూడమ్మా

సఖినేటిపల్లి,
నవంబరు 2025

చి.ల.సౌ. అమ్మాయికి నాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అమ్మ, నాయనమ్మ, నేను క్షేమం. నువ్వు, అల్లుడుగారు, బాబు క్షేమమని తలుస్తాను.

మొంథా తుపాను రాత్రి మన ఊరి వాట్సాప్ గ్రూపు ఎలా నడిచిందో చెప్పమని మొన్న అడిగావు. మీ వేళచ్చేరి అపార్టుమెంటులో కూడా అలాంటిది పెట్టుకుందామనుకుంటున్నాం అన్నావు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, మీవాళ్లకి చూపించడానికీ ఉండదు. అందుకని కాయితం మీద పెడుతున్నాను. ఊళ్లో ఇన్నేళ్లు ఉత్తరాలు పంచినవాణ్ణి, నీకు ఒకటి రాయడానికి బద్ధకమేమిటి? పైగా మీకు అసలు వానలకాలం ఇప్పుడే. 2023 డిసెంబరులో మిచాంగ్ మన బాపట్ల దగ్గర తీరం దాటింది గానీ, దాటేలోపు మీ చెన్నైని ముంచేసి వచ్చింది. అప్పుడు నీ ఫోను పలక్క మీ అమ్మ అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. అందుకే నువ్వు ఈ మాట అడగడం నాకెంతో సంతోషంగా ఉంది.

అక్టోబరు 28, మంగళవారం. పొద్దున్నుంచీ ఈశాన్యం గాలి, విడవకుండా జల్లు. గాలి గంటకి 90 నుంచి 100 కిలోమీటర్లు, ఒక్కోసారి 110 దాకా ఉంటుందని వాతావరణ శాఖ చెప్పింది. కాకినాడ రేవులో పదో నంబరు ఎగరేశారు. రాత్రి 8.30 నుంచి మన కోనసీమ జిల్లాలో, చుట్టుపక్కల జిల్లాల్లో రోడ్ల మీద బళ్లు ఆపేశారు. మంచి పని చేశారు. అయితే దానర్థం ఏమిటంటే, తెల్లారేదాకా బయటినుంచి ఎవరూ రారు. ఊళ్లోవాళ్లకి ఊళ్లోవాళ్లే దిక్కు.

ఈ రేవు నంబర్ల గురించి నీకు చిన్నప్పుడు చెప్పానో లేదో. ఒకటి నుంచి పదకొండు దాకా ఉంటాయి. పదంటే తీవ్ర తుపాను ఆ రేవు మీదుగానో, బాగా దగ్గర్లోనో దాటబోతోందని. దానికంటే పైన పదకొండు ఉంది చూశావూ, అది గాలి జోరుని చెప్పే నంబరు కానే కాదు. హెచ్చరికలు పంపే కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, వాతావరణం చూస్తే ప్రమాదంగా ఉంది అని రేవు అధికారి తనంతట తాను ఎగరేసేది. కబురు తెగిపోవడాన్ని అన్నిటికన్నా పైమెట్టు మీద పెట్టారు. 1996 తుపాను చూసినవాడిగా, అది ఉండవలసిన చోటే ఉందంటాను.

నువ్వప్పుడు ఉయ్యాల్లో ఉన్నావు. నవంబరు 6, రాత్రి. కొబ్బరిచెట్లు తలలు తెగి ఎక్కడెక్కడో పడ్డాయి, కరెంటు స్తంభాలు వరసగా వాలిపోయాయి. తెల్లారాక మన వీధి మనకి కనబడుతోంది గానీ పక్క ఊళ్లో బతికినవాళ్లెవరో, పోయినవాళ్లెవరో తెలిసే దారి లేదు. రోడ్లన్నీ చెట్లే. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు నుంచి వేటకెళ్లినవాళ్ల కబురు కోసం ఆడవాళ్లు గట్టున నిలబడి ఎదురుచూశారు. ఆ తుపానుకి వెయ్యిమందికి పైగా పోయారు. సముద్రం మీద ఉన్నవాళ్లకి గాలి ముదురుతోందని చెప్పే సాధనం లేదు, వాళ్లు ఎక్కడున్నారో మనకి తెలిసే సాధనమూ లేదు. తర్వాత 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ అంత పట్నంలోనే సెల్‌ఫోన్లు మూగబోతే, సొంత వైర్‌లెస్ సెట్లతో మాట్లాడుకునే హామ్ రేడియో వాళ్లు వచ్చి కబుర్లు అందించవలసి వచ్చింది. కాబట్టి ఫోనుంది కదా, గ్రూపుంది కదా అని నిబ్బరంగా కూర్చోవద్దమ్మా. టవరు పడిపోతే ఏం చేస్తామన్నది వాన రాకముందే అనుకోవాలి.

ఇక మన గ్రూపు. మామూలు రోజుల్లో అందులో శుభోదయాలు, పెళ్లి కార్డులు, పంచాయతీ కొళాయి ఎప్పుడొస్తుందన్న గొడవలు. తుపానుకి ముందురోజు సాయంత్రం మన గ్రామ సచివాలయంలో పనిచేసే అమ్మాయి ఒక్కటే మాట పెట్టింది: "ఇప్పట్నుంచి ఎక్కడ నిలబడి చూశారో, ఎన్ని గంటలకి చూశారో రాయండి. కంటితో చూసింది తప్ప ఇంకేదీ పెట్టకండి." చిన్నపిల్ల, నీ ఈడుది. పెద్దాచిన్నా అంతా ఆ మాటకి కట్టుబడ్డారు.

నేను నోటుపుస్తకంలో రాసుకున్నవి కొన్ని నీకు దించుతున్నాను. "సా. 5.10. రేవు దగ్గర. ఏరు దాటించే పంటు ఒడ్డుకి కట్టేశారు, రెండు మోకులు వేశారు." "6.40. రామాలయం వెనక. వేపకొమ్మ విరిగి తీగ మీద పడింది, తీగ తెగలేదు, నిప్పురవ్వలు వస్తున్నాయి." దీనికి లైన్‌మన్ వెంటనే అడిగాడు, ఏ ట్రాన్స్‌ఫార్మరు కింద అని. స్తంభం మీద పెయింటుతో రాసిన నంబరు కిటికీలోంచి టార్చి వేసి చదివి పెట్టారు. నిమిషాల్లో ఆ లైను ఆపించాడు. "కరెంటు తీగ పడిపోయింది, ఎవరైనా చూడండి" అని ఊరికే పెట్టి ఉంటే ఆ అబ్బాయి ఆ చీకట్లో ఏ వీధికని వెళ్తాడు?

ఒకాయన వీడియో పంపాడు, అంతర్వేదిలో అలలు ఇళ్లమీదకొచ్చేస్తున్నట్టు. చూడగానే గుండె ఝల్లుమంది. సచివాలయం అమ్మాయి "మీరిప్పుడు ఎక్కడున్నారండీ" అని మర్యాదగా అడిగింది. హైదరాబాదులోట. ఆ వీడియో ఆయనకి ఇంకెవరో పంపారట. ఈలోపు పల్లిపాలెం నుంచి ఒక కుర్రాడు షెల్టరు మెట్లమీద నిలబడి పెట్టాడు: "7.25. సముద్రం బాగా పోటుగా ఉంది. నీళ్లు ఇళ్ల వరసకి రాలేదు. మేమంతా షెల్టర్లోనే ఉన్నాం." ఆ నాలుగు ముక్కలతో ఊరు ఊపిరి పీల్చుకుంది. అమ్మాయ్, ఇది మీవాళ్లకి గట్టిగా చెప్పు. భయపెట్టే కబురే కబురనుకుంటారు చాలామంది. "ఇక్కడ బాగానే ఉంది" అన్నదీ కబురే, ఆ రాత్రి మాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది అదే.

గాలి సంగతి నీకు ప్రత్యేకంగా రాయాలి. వేటకెళ్లేవాళ్లకి ఒక లెక్కుంది. గాలికి వీపు పెట్టి నిలబడితే తుపాను నడిబొడ్డు ఎడమచేతి వైపు ఉంటుంది. మన దేశంలో తుపాను గాలి గడియారం ముల్లుకి ఎదురుగా తిరుగుతుంది కాబట్టి ఆ లెక్క తప్పదు. తీరం దాటడం మొదలైందని ఏడింటికి టీవీలో చెప్పారు, మూడు నాలుగు గంటలు పడుతుందన్నారు. కానీ అది ఎటు పోతోంది, మనమీదుగానా, పక్కనుంచా? పంటు నడిపే ఆయన గ్రూపులో గాలి దిక్కు రాయండని అడిగాడు. మనవైపు ఈశాన్యం గాలి మెల్లిగా తూర్పుకి తిరిగింది. ఏటికి అవతల, నరసాపురం దాటి పడమరగా ఉన్న మనవాళ్ల చుట్టాలు ఉత్తరం నుంచి కొడుతోందని రాశారు. అంటే నడిమధ్య మాకూ వాళ్లకీ నడుమనుంచి పోతోందన్నమాట. వశిష్ఠ గోదావరికి ఆ గట్టునొకరు, ఈ గట్టునొకరు నిలబడి తుపాను దారిని పోల్చుకున్నారు! నరసాపురం దగ్గరగా, అర్ధరాత్రి అటూ ఇటూగా దాటిందని తర్వాత వాతావరణ శాఖ వాళ్లు ప్రకటించారు. టీవీలో "దాటేసింది" అనగానే కొందరు తలుపులు తీయబోయారు. పంటు ఆయన ఊరుకోలేదు. "గాలి దక్షిణానికి తిరిగి తగ్గేదాకా ఎవరూ గడప దాటొద్దు" అని మాటగా రికార్డు చేసి పెట్టాడు. ఆ గొంతులో ఉన్న అధికారం ఏ హోదా వల్లా వచ్చింది కాదు, ఏట్లో గడిపిన జీవితం వల్ల వచ్చింది.

కరెంటు ముందే తీసేశారు. ఫోన్లు ఒక్కొక్కటే ఆగిపోతాయని అందరికీ తెలుసు. కాలవ పక్క రొయ్యల చెరువులాయనకి నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు ఆగితే పంట చచ్చిపోతుంది కాబట్టి జనరేటరు, డీజిలు సిద్ధంగా ఉంటాయి. మధ్యాహ్నమే ఆయన షెడ్డులో చెక్క మీద ప్లగ్గులు వరసగా బిగించి, చీకటి పడేలోపు వచ్చి ఛార్జింగు పెట్టుకోమన్నాడు. వీధికి ఒక ఫోను మాత్రం తెరిచి ఉంచాలి, మిగతావి ఆపేసుకోవాలి అని అక్కడే నిలబడి అనుకున్నారు. ఒకే కంపెనీ సిమ్ములు కాకుండా చూసుకున్నారు కూడా.

ఇప్పుడు నేను నీకు అసలు చెప్పదలుచుకున్నది. గ్రూపులో మాట్లాడేవాళ్లకి సాయం చేయడం తేలిక. చేతిలో ఫోనుంది, అందులో ప్రాణం ఉంది, రాసే ఓపిక ఉంది. వాళ్లు సగం గట్టెక్కినట్టే. మాట్లాడనివాళ్ల కోసమే ఆ గ్రూపు. ఇంటింటికీ తిరిగిన కాళ్లు కదా నావి, ఏ ఇంట్లో ఎవరున్నారో తెలుసు. వీధుల వారీగా ఇళ్లన్నీ రాసి పెట్టాను, గంటగంటకీ ఏ ఇంటి నుంచి కబురొస్తే ఆ ఇంటికి టిక్కు. టిక్కు లేని ఇంటికి పక్కింటివాళ్లు గొంతెత్తి పిలవాలి, లేదా కిటికీలోంచి టార్చి ఆడించాలి. అవతలనుంచి వెలుగొస్తే చాలు. గాలి జోరులో ఎవరూ బయటికి పోకూడదని కట్టడి. మంచం పట్టినవాళ్లని, పెంకుటిళ్లు, పాకల్లో ఉన్నవాళ్లని, నెలలు నిండిన ఒక అమ్మాయిని పగలే బడికి చేర్చేశారు. జిల్లాలోనే మరో ఊళ్లో ఇంటిమీద చెట్టు పడి ఒక పెద్దావిడ ప్రాణం పోయిందని తర్వాత తెలిసింది. మీ నాయనమ్మ ఆ మాట విని చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

గట్టు చివర ఆ ముసలి దంపతులు నీకు గుర్తున్నారా, నీకు ముంజికాయలు కొట్టిచ్చేవారు? పదింటికి వాళ్ల నుంచి కబురు లేదు. పక్కింటివాళ్లు టార్చి వేశారు, వెలుగు రాలేదు. కొడుకు కువైట్‌లో ఉన్నాడు. ఆ పిల్లాడు గ్రూపు చూస్తూనే ఉన్నాడు, అక్కడ ఇంకా ఏడున్నర. "ఏమైంది, ఏమైంది" అని పదిసార్లు పెట్టలేదు. వాళ్ల నాన్న పాత బటన్ ఫోను నంబరు తనకి మాత్రమే తెలుసట, దానికి విడవకుండా చేశాడు. చివరికి ఎత్తారు. వెనక వసారా పైకప్పు రేకు లేచిపోతే ముందుగదిలోకొచ్చి, గాలి మోతకి పిలుపులు వినబడక, టార్చి ఆ వెనకే ఉండిపోయి కూర్చున్నారట. "మా నాన్న, అమ్మ ముందుగదిలో ఉన్నారు, దెబ్బలేం తగల్లేదు" అని అతను రాయగానే నా చెయ్యి వణికింది టిక్కు పెడుతుంటే. తర్వాత నా ఫోను కూడా ఆగిపోబోతుంటే, ఆ జాబితా ఫొటో తీసి కువైట్‌లోని మన ఊరి కుర్రాళ్లకే పంపాను. వాళ్ల కరెంటు పోదు, వాళ్ల నెట్‌వర్కు పోదు. మిగతా రాత్రంతా జాబితా వాళ్లే చూశారు. దూరాన ఉన్నవాళ్లు ఏం చేయగలరని నువ్వు బాధపడ్డావు కదా ఆ రాత్రి. ఇదిగో, ఇది చేయగలరు.

పొద్దున్న కబుర్ల తీరే మారిపోయింది. గింజ పట్టే చేలు పడిపోయాయి, శంకరగుప్తం డ్రెయిన్ వైపు నీరు లాగుతోందా లేదా, పాల బండి ఎంతవరకూ వచ్చింది, ఇవే. మన నాలుగు కొబ్బరిచెట్లు పోయాయి. దాని గురించి అమ్మే చెబుతుంది నీకు, రోజూ చెబుతూనే ఉంది.

మీ సంగతికొస్తాను. మీకు గాలి కన్నా నీళ్లు శత్రువు. వేళచ్చేరి నీళ్లు పళ్లికరణై చిత్తడినేల మీదుగా, ఒక్కియం మడువు దాటి బకింగ్‌హామ్ కాలువలో పడి కోవళం దగ్గర సముద్రానికి పోవాలి. మన పెదగంజాం నుంచి వచ్చే కాలువేలే అది. సముద్రం పోటు మీద ఉంటే ఆ నీళ్లు లాగవు, మన డ్రెయిన్లదీ ఇదే బాధ. కాబట్టి పోటు, పాటు వేళలు ముందే రాసి గ్రూపులో పెట్టండి. "నీళ్లు బాగా వచ్చాయి" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. సెల్లారు మెట్లకి పెయింటుతో నంబర్లు వేయించు, "మూడో మెట్టు, 4.15" అని రాస్తే చాలు. కరెంటు మీటర్ల పెట్టె ఏ మెట్టు ఎత్తులో ఉందో ముందే చూసి పెట్టుకోండి, నీళ్లు దానికి చేరేలోపు మెయిన్ ఎవరు తీయాలో పేరుతో సహా అనుకోండి. కింద వాచ్‌మన్ కుటుంబం గ్రూపులో ఉందా? పనిమనుషులు? వాళ్లకి తెలుగు రాదు, ఇంగ్లీషు రాదు అని వదిలేయొద్దు, తమిళంలో మాటగా రికార్డు చేసి పెట్టండి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల ఫ్లాట్లు వేరే రాసుకో. వాళ్ల పిల్లలు ఏ దేశంలో ఉంటే ఆ పిల్లల నంబర్లు కూడా అడిగి తీసుకో.

జాబితా రాయడం అయ్యాక దాని ఫొటో నాకూ పంపించు. మీ పై అంతస్తులో వేరే కంపెనీ సిమ్ వాడేవాళ్ల నంబరు ఒకటి విడిగా కావాలి, నోటుపుస్తకంలో మీ పేజీ ఖాళీగా పెట్టాను. మీకు వాన పడే రాత్రుళ్లు ఇక్కడ మేం మేలుకుని ఉంటాం, టిక్కులు నేను పెడతాను. అల్లుడుగారిని అడిగినట్టు చెప్పు. బాబుకి ముద్దులు.

ఇట్లు,
నాన్న