ఆదివారం ప్లాన్: తొట్లకొండ, భీమిలి
అందరికీ నమస్కారం. ఈసారికి అరకు వద్దనుకున్నాం. డిసెంబర్ రద్దీ, పైగా ఘాట్ రోడ్డు మలుపుల్లో పోయినసారి పిల్లల వాంతులు గుర్తున్నాయిగా!

ఉదయం 7 గంటలకు ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి దగ్గర కలుద్దాం. ముందు తొట్లకొండ. బౌద్ధ భిక్షువులు వాననీటి కోసం రాతిలో తొలిచిన తొట్లే ఆ కొండకు పేరు తెచ్చాయి. స్తూపం దగ్గర నిలబడితే కింద సముద్రం మొత్తం కనిపిస్తుంది. నన్నడిగితే కైలాసగిరి కన్నా ఇదే బాగుంటుంది.

తర్వాత ఎర్రమట్టి దిబ్బలు. అక్కడ చెప్పులతో వద్దు, బూట్లే. ఇసుక జారి నాకు పోయినేడు ఒక చెప్పు తెగిపోయింది, రెండోది చేత్తో పట్టుకుని నడిచాను. దిబ్బల అంచులు ఎక్కొద్దు, మట్టి తీసుకురావొద్దు.

మధ్యాహ్నానికి భీమిలి. బొర్రా గుహల గుండా వచ్చే గోస్తని సముద్రంలో కలిసేది ఇక్కడే. నీళ్లలో మోకాళ్ల వరకే, ఈత మాటే వద్దు. ఈ విషయంలో మాత్రం నేను మొహమాటపడను.

పులిహోర మా ఇంటి నుంచి. పెరుగన్నం ఎవరు తెస్తారు? నీళ్ల సీసాలు ఎవరివి వాళ్లే. వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోపు చెప్పండి, బండి మాట్లాడాలి.