అలమోతో ఆగిపోకండి

సంపాదకుడు గారికి,

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్ల కోసం పత్రికల్లో వస్తున్న యాత్రా వ్యాసాలు టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోను రెండు ముక్కల్లో తేల్చేస్తున్నాయి: అలమో చూడండి, శాన్ ఆంటోనియో నది గట్టున ఉన్న రివర్ వాక్‌లో పడవ ఎక్కండి. అలమో 1718లో వెలసిన స్పానిష్ మిషన్, అంటే స్థానిక తెగలను క్రైస్తవంలోకి మార్చడానికి పాదిరీలు పెట్టిన స్థావరం. అలాంటివే మరో నాలుగు అదే నది వెంబడి దక్షిణాన ఉన్నాయి. 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది ఒక్క అలమో కాదు, ఐదూ కలిసి. ఆ నాలుగింటినీ అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ పార్క్ సర్వీస్ చూసుకుంటుంది, టికెట్ లేదు. వాటిని చూడకుండా ఆ ఊరు చూశామనుకోవడం సరికాదు.

ఆ నాలుగింటినీ కలుపుతూ నది వెంట సాగే మిషన్ రీచ్ అనే కాలిబాట, సైకిల్ బాట 2013లో పూర్తయింది. ఉత్తరం నుంచి దక్షిణానికి మిషన్ల వరస ఇది: కన్సెప్సియోన్, శాన్ హోసే, శాన్ హువాన్, ఎస్పాడా. కన్సెప్సియోన్ నుంచి ఎస్పాడాకి ఒకవైపు సుమారు 7 మైళ్లు. మిషన్లు మాత్రం ఒకే గట్టున లేవు. కన్సెప్సియోన్, శాన్ హువాన్ తూర్పున, శాన్ హోసే, ఎస్పాడా పడమటన. ఎక్కడ వంతెన దాటాలో ముందే పటంలో చూసుకోకపోతే మిషన్‌ను దాటి ముందుకెళ్లిపోయి మళ్లీ వెనక్కి తొక్కాల్సి వస్తుంది. నగరం నడిబొడ్డున ఉన్న రివర్ వాక్ మీద సైకిల్ తొక్కనివ్వరు, కాబట్టి అక్కడి నుంచి బయల్దేరే ఆలోచన వద్దు. కన్సెప్సియోన్ దగ్గర కారు నిలిపి మొదలుపెట్టడం మేలు. అక్కడ గాలి ఎక్కువగా ఆగ్నేయం నుంచి వీస్తుంది. ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే ఎదురుగాలికి దక్షిణంగా తొక్కితే, తిరుగు ప్రయాణంలో అదే గాలి వెనకనుంచి తోస్తుంది.

ఎండే అసలు ఇబ్బంది. గత శతాబ్దం మధ్యలో వరద భయంతో ఆ నదిని తిన్నటి కాలువలా తవ్వేశారు, గట్ల మీది చెట్లు పోయాయి. ఇటీవల మళ్లీ నాటినవి ఇంకా పూర్తిగా గొడుగు పట్టలేదు. వేసవి మధ్యాహ్నాల్లో 38 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలే. ఉదయం 8 లోపే బయల్దేరాలి, మనిషికి కనీసం 2 లీటర్ల నీళ్లు ఉంచుకోవాలి. నవంబరు నుంచి మార్చి దాకా హాయి. వాన పడిన మర్నాడు వెళ్లొద్దు. నదికి ఆనుకుని పల్లంగా ఉన్న చోట్ల నీళ్లు తీశాక సిమెంటు మీద సన్నటి ఒండ్రు పొర మిగులుతుంది, చూస్తే తడిలా ఉంటుంది, మలుపులో చక్రం జారిపోతుంది. బాట అంచు దిగి గడ్డిలోకి వెళ్తే పల్లేరు కాయలు, మెస్కీట్ ముళ్లు. మెస్కీట్ మన సర్కారు తుమ్మ జాతిదే, టైరును వదలదు. అదనపు ట్యూబు, చిన్న పంపు ఉంచుకోవాలి.

చూడడంలో నాలుగూ సమానం కావు. శాన్ హోసే అన్నిటికంటే పెద్దది, గంటన్నర పెట్టండి. చెక్కుడు పని ఉన్న రోజ్ విండో అనే రాతి కిటికీ, ప్రహరీ గోడలోనే కట్టిన స్థానిక కుటుంబాల గదులు, పిండిమర అక్కడే ఉన్నాయి. అయితే అందులో చాలా భాగం 1930లలో తిరిగి కట్టింది. పాతదనం కావాలంటే కన్సెప్సియోన్. 1755లో పూర్తయిన ఆ రాతి చర్చి కూలలేదు. పక్క గదిలో పైకప్పు కేసి చూస్తే మీసాలున్న మనిషి ముఖంతో సూర్యుడి బొమ్మ కనిపిస్తుంది, పాత రంగుతో. గోడ కట్టిన రాయి తవ్విన గుంట కూడా ఆ ఆవరణలోనే ఉంది. ఇవన్నీ పాదిరీల పేర్ల మీద చెలామణీ అవుతున్నా, రాయి కొట్టిందీ కాలువలు తవ్వినదీ కోవావిల్టెకన్ అనే స్థానిక తెగల వాళ్లు. రోగాలకు ఎక్కువగా బలైనదీ వాళ్లే.

వ్యవసాయం తెలిసిన మన పెద్దవాళ్లు తప్పక చూడాల్సింది ఎస్పాడా ఆక్విడక్ట్, అంటే నీటి కాలువను మోసే వంతెన. నదికి ఎగువన అడ్డకట్ట కట్టి నీటిమట్టం లేపారు. అక్కడి నుంచి కాలువ తవ్వి, వాలు మీదే పొలాలకు పారించారు. దారిలో పియెద్రాస్ వాగు అడ్డొస్తే రెండు కమానుల రాతి వంతెన కట్టి, వాగు మీదుగా కాలువను దాటించారు. 1740లలో కట్టినది, ఇప్పటికీ కింద వాగు, పైన కాలువ పారుతూనే ఉన్నాయి. మోటారు లేదు, పంపు లేదు. ఇది బాటకు కాస్త పక్కగా ఎస్పాడా రోడ్డు మీద ఉండడంతో చాలామంది దాటిపోతారు.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు శాన్ హువాన్ నుంచి ఎస్పాడా దాకా ఉన్న చిన్న ముక్క నడిచి, మిగతా రెండింటికీ కారులో వెళ్లొచ్చు. ఈ నాలుగూ నేటికీ పూజలు జరిగే చర్చిలే. ఆదివారం ప్రార్థన వేళ, పెళ్లి లేక అంత్యక్రియల వేళ లోపలికి వెళ్లి ఫొటోలు తీయకూడదు. థాంక్స్‌గివింగ్, డిసెంబరు 25, జనవరి 1న పార్కు భవనాలు మూసివేస్తారు.

ఈసారి శాన్ ఆంటోనియో మీద వ్యాసం వేస్తే, ఏ మిషన్ ఏ గట్టున ఉందో, వంతెనలెక్కడో, ఆక్విడక్ట్ ఎటువైపో గుర్తు పెట్టిన చిన్న పటం కూడా అచ్చు వేయమని మనవి.

– ఒక పాఠకుడు, టెక్సస్