వేలిముద్ర పోయింది, చదువు రాలేదు

సంపాదకులకు,

ఉల్లాస్ పథకం కింద పల్లెల్లో వయోజనులకు చదువు చెప్పిస్తున్నారు. 2022 నుంచి 2027 దాకా నడిచే ఈ కేంద్ర పథకంలో 15 ఏళ్లు దాటిన ఎవరైనా చేరవచ్చు. చదవడానికి 50, రాయడానికి 50, లెక్కలకు 50 మార్కులతో పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తారు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి కర్నూలు జిల్లా అక్షరాస్యత 60 శాతం కూడా దాటలేదు కాబట్టి ఈ పని మనకు అవసరమే. అయితే నేర్చుకునేవాళ్లలో చాలామంది సంతకం దగ్గరే ఆగిపోతున్నారు. పొదుపు సంఘం పుస్తకంలో పేరు రాస్తారు, ఆదోని బస్టాండుకు వస్తే మాత్రం బస్సు బోర్డు చదవమని పక్కవాళ్లను అడుగుతారు.

వయసైంది, తలకెక్కదు అని వాళ్లే అనేసుకుంటారు. చెప్పేవాళ్లూ అదే మాట పట్టుకుంటారు. అసలు లోపం నేర్పే వరసలో ఉంది. అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఆపైన వత్తులు అంటూ పోతే మొదటి మాట చదవడానికే నెలలు గడుస్తాయి. కూలికి పోయి వచ్చిన మనిషికి అంత ఓపిక ఎక్కడిది? రోజూ కళ్లబడే మాటతో మొదలుపెట్టాలి. ‘ఆదోని’లో మూడే అక్షరాలు. వాటితోనే ఆ రాత్రికి ‘ఆది’ చదివించవచ్చు, దీర్ఘం ఒకటి చూపిస్తే ‘నాది’, ‘దాని’ కూడా వచ్చేస్తాయి. మర్నాడు ‘కోసిగి’ అనే ఊరి పేరు. ఓత్వం, గుడి తెలిసినవే, కొత్తవి క, స, గ మాత్రమే.

చాలామంది బోల్తాపడేది వత్తుల దగ్గర. ‘ఎమ్మిగనూరు’ చూడండి. గుడి ఉండేది పై మకారం మీద, దాన్ని పలకాల్సింది కింది వత్తు తర్వాత. చదివే మనిషి ‘ఎమి’ అనేసి, కిందున్నదాన్ని ఏం చేయాలో తోచక ఆగిపోతుంది. ఈ సంగతి విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ. పై అక్షరాన్ని సగం పలికి, కిందికి దిగి, అప్పుడు గుడి పలకాలని వేలు పెట్టి చూపించాలి. ప్ప, ట్ట, డ్డ లాంటి వాటిలో వత్తు అసలు అక్షరాన్ని పోలే ఉంటుంది కనుక ఇబ్బంది లేదు. పోలిక లేనివి త, న, మ, య, ర, ల వత్తులు. అత్త, అన్న, అమ్మ, అయ్య, గొర్రె, పిల్ల - ఈ ఆరు మాటలు వస్తే ఆ ఆరూ వచ్చినట్టే. సంయుక్తాక్షరాలు ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఇక కళ్లు. నలభై దాటాక దగ్గరి చూపు తగ్గడం మామూలే. తెలుగులో గుడికీ గుడిదీర్ఘానికీ, దకారానికీ ధకారానికీ తేడా ఒక చిన్న గీత. సన్న అచ్చులో, గుడ్డి బల్బు కింద ఆ గీత కనపడదు, పేరు మాత్రం మొద్దు అని పడుతుంది. పుస్తకాన్ని చేయి చాచినంత దూరం జరుపుతున్నారంటే చత్వారం వచ్చినట్టు. బడి మొదలయ్యే ముందే ప్రభుత్వాసుపత్రిలో కంటి పరీక్ష చేయించి అద్దాలు ఇప్పించాలి. పాఠం కనీసం 20 పాయింట్ల అచ్చులో ఉండాలి.

చూపు బాగుండి, నెలలు నేర్చినా నిన్నటి అక్షరం ఇవాళ గుర్తుపట్టలేనివాళ్లు, వరస తప్పి కింది వరసలోకి పోయేవాళ్లు కొందరుంటారు. వాళ్లకు డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా అక్షరాలు పట్టుబడని ఇబ్బంది, ఉండవచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఇలాంటి అభ్యసన ఇబ్బందులనూ గుర్తించింది. చదివే వరస కింద అట్టముక్క పెట్టి జరుపుకోనివ్వాలి. అక్షరాన్ని ఇసుకలో వేలితో పెద్దగా దిద్దుతూ పైకి పలికించాలి. ఒక్క విడతకు 15 నిమిషాలు చాలు.

పదిమందిలో లేపి చదివిస్తే మాత్రం మర్నాడు ఆ మనిషి బడికి రాదు. నలభై మాటల పాఠాన్ని ముందు చెప్పేవాళ్లు చదవాలి, తర్వాత ఇద్దరూ కలిసి, మూడోసారి ఆమె ఒక్కతే. తప్పు పోతే వాక్యం పూర్తయ్యాకే దిద్దాలి. కాలేజీ పిల్లలు వచ్చి అవ్వ వయసు మనిషిని పేరు పెట్టి పిలవడం కూడా మానాలి, మన పల్లెల్లో వరస పెట్టి పిలవడం ఏమంత కష్టం కాదు.

వయోజన విద్య అధికారులకు ఒక విన్నపం. పడమటి మండలాల్లో పనుల్లేక ఊళ్లకు ఊళ్లు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతాయి. గుంటూరు వైపు పత్తి, మిరప కోతలకు పోయినవాళ్లు మళ్లీ ఉగాదికి గానీ ఇల్లు చేరరు. ఆ నెలల్లో ఇక్కడ బడి నడిపితే హాజరుపట్టీ నిండుతుందేమో గానీ చదువు రాదు, మార్చిలో పరీక్ష పెడితే రాసేవాళ్లు ఊళ్లో ఉండరు. బడిని ఉగాది తర్వాత మొదలుపెట్టి ముంగారు (తొలకరి) పనులు పడేదాకా గట్టిగా నడపాలి. పరీక్ష జూన్ మొదట్లో పెట్టాలి. సుగ్గికి పోయేవాళ్ల మూటలో పెద్దచ్చు పాఠాల పుస్తకం ఒకటి ఉండేలా చూడాలి, ముఠాలో చదువుకున్న పిల్ల ఎవరైనా ఉంటే ఆమెకే చెప్పే బాధ్యత అప్పగించాలి.

- ఒక పాఠకురాలు, ఆదోని, కర్నూలు జిల్లా