మొక్కజొన్న నాణ్యతంటే తేమ ఒక్కటేనా?

సంపాదకులకు,

అయ్యా,

మొక్కజొన్న అమ్ముకోవడానికి వచ్చిన రైతును మా కర్నూలు ప్రాంతంలో కాటా దగ్గర అడిగేవి రెండే. తేమ 14 శాతం లోపు ఉందా, బస్తాలెన్ని? ఆ గింజలోని మాంసకృత్తులు ఎలాంటివని వ్యాపారి అడగడు, అధికారి అడగడు, అలవాటు లేదు కనుక రైతుకూ ఆ మాట తోచదు. ఎవరూ అడగకపోవడం వల్లనే మేలైన మాంసకృత్తులున్న మొక్కజొన్న కోసం శాస్త్రవేత్తలు పడిన నలభై ఏళ్ల శ్రమ మన పొలాల గట్టు దాకా వచ్చి ఆగిపోయిందని మనవి చేయడానికి ఈ లేఖ రాస్తున్నాను.

మామూలు మొక్కజొన్నలో మాంసకృత్తులు 9, 10 శాతం ఉన్నా, వాటిలో సుమారు సగం జెయిన్ అనే రకానివి. మన శరీరం సొంతంగా తయారుచేసుకోలేని లైసిన్, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాలు జెయిన్‌లో దాదాపు ఉండవు. ఒపేక్-2 అనే జన్యువున్న మొక్కజొన్నలో లైసిన్ దాదాపు రెట్టింపు ఉందని 1964లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు మెర్ట్జ్, బేట్స్, నెల్సన్ ప్రకటించారు. అయితే ఆ గింజ సుద్దముక్కలా మెత్తగా, తేలికగా ఉండేది, త్వరగా ఆరేది కాదు, నిల్వ చేస్తే ముక్కపురుగు పాలయ్యేది. మన దేశంలో 1971లో శక్తి, రతన్, ప్రొటీనా పేర్లతో ఇటువంటి రకాలు విడుదలైనా నిలబడలేదు. తూకం తగ్గే గింజను రైతు ఎందుకు వేస్తాడు? పంజాబ్‌లో పుట్టిన సురీందర్ వాసల్, మెక్సికో రసాయన శాస్త్రవేత్త ఎవాంజెలీనా వియేగస్ మెక్సికోలోని అంతర్జాతీయ మొక్కజొన్న, గోధుమ పరిశోధనా కేంద్రంలో ఏళ్ల తరబడి గింజలను పరీక్షించి, ఏరి, గింజను గట్టిపరిచే జన్యువులను ఒపేక్-2తో జతచేశాక గానీ ఈ చిక్కు విడలేదు. వారిద్దరికీ 2000లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. ఆ గట్టి గింజలోని మాంసకృత్తుల విలువ పాల మాంసకృత్తులలో 90 శాతం దాకా ఉంటుందని లెక్క. మామూలు మొక్కజొన్నకు అది సగం కూడా ఉండదు.

మన దేశంలో ఇటువంటి గట్టి గింజ రకాల్లో, హర్యానాలో తయారైన హెచ్‌క్యూపీఎం-1 హైబ్రిడ్ 2005లోనే వచ్చింది. భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ రూపొందించిన అదే కోవ హైబ్రిడ్ పూసా హెచ్‌ఎం-8 ఇంప్రూవ్డ్‌ను 2017లో ఆంధ్రప్రదేశ్‌తో సహా దక్షిణాది రాష్ట్రాలకు సిఫారసు చేశారు. ఇవి జన్యుమార్పిడి పంటలేమోనని కొందరు జంకుతున్నారు గానీ, మొక్కజొన్నను మొక్కజొన్నతోనే సంకరపరచి తెచ్చిన రకాలివి.

మరి మన దగ్గర ఎందుకు పాతుకోలేదు? ధర ఒక కారణం, పుప్పొడి మరో కారణం. ఒపేక్-2 అంతర్గత జన్యువు కనుక తల్లి, తండ్రి రెండు వైపుల నుంచీ వస్తేనే గింజలో దాని గుణం కనిపిస్తుంది. పక్క చేనిలోని మామూలు హైబ్రిడ్ పుప్పొడి గాలికి వచ్చి ఈ కండె పీచు మీద పడితే, ఆ గింజ మామూలు గింజే అవుతుంది. బడిలో ముప్పై ఏళ్లు అనువంశికత పాఠానికి మెండెల్ బఠానీలే చెప్పిన నాకు, ఇంతకన్నా మంచి ఉదాహరణ కర్నూలు–కడప కాలువ కిందే ఉందని ఉద్యోగ విరమణ తర్వాత గానీ తట్టలేదు. చుట్టూ మామూలు రకాలుండగా ఒక రైతు ఒక్క ఎకరా వేస్తే ఫలితం అంతంతమాత్రమే. ఊరంతా, కనీసం ఒక కాలువ కింది ఆయకట్టంతా ఒకే రకం వేయాలి, ఆ పూచీ వ్యవసాయ శాఖ తీసుకోవాలి. ఇక ధర సంగతి. గట్టిపడిన ఈ గింజకూ మామూలు గింజకూ చూపులో తేడా తెలియదు కనుక పరీక్ష తప్పనిసరి. అయితే ట్రిప్టోఫాన్ ఒక్కటి కొలిస్తే చాలు, లైసిన్ దానికి సుమారు నాలుగు రెట్లుంటుంది. రంగు మార్పును బట్టి కొలిచే ఆ పరీక్షకు పెద్ద యంత్రాలు అక్కర్లేదు. జొన్నలో హైబ్రిడ్‌కూ మాల్దండి రకానికీ కేంద్రం వేర్వేరు మద్దతు ధరలు ప్రకటిస్తున్నప్పుడు మొక్కజొన్నలో మాత్రం అన్నింటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు.

మనం తినేది జొన్నరొట్టె, రాగిసంగటి, మొక్కజొన్నేమో కోళ్ల దాణాకు పోతుంది, ఇదంతా మనకెందుకు అనే వారున్నారు. పప్పు సమృద్ధిగా తినే ఇంటికి దీని అవసరం అంతగా లేదని నేనూ ఒప్పుకుంటాను, ఎందుకంటే ధాన్యంలో లేని లైసిన్ పప్పులో దొరుకుతుంది. కానీ పప్పు నీళ్లలా పలచబడిన ఇళ్ల పిల్లలే అంగన్‌వాడీకి ఎక్కువగా వస్తారు. వారికిచ్చే పిండిలో కొంత భాగంగా ఈ మొక్కజొన్నను చేర్చి, దాన్ని జిల్లా రైతుల దగ్గరే మద్దతు ధరకు పైన కొంత కలిపి కొంటే, పంటకు కొనేవాడున్నాడన్న నమ్మకం రైతుకు కలుగుతుంది. దాణా మిల్లులకూ విడిగా కొనే లైసిన్ ఖర్చు కొంత తగ్గుతుంది, వారు ఆలోచించుకోవచ్చు.

వచ్చే రబీ విత్తనాలకు ఇండెంటు పెట్టే ముందే జిల్లాలో కాలువ నీటి భరోసా ఉన్న ఒకటి రెండు గ్రామాలను ఎంపిక చేసి, అక్కడి రైతులతో కూర్చుని మాట్లాడి, కొనుగోలు ధరను విత్తడానికి ముందే రాతపూర్వకంగా ప్రకటించాలని జిల్లా వ్యవసాయ అధికారులనూ, స్త్రీ శిశు సంక్షేమ శాఖనూ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
కర్నూలు