రెండు రౌండ్ల పరుగుకు ఒక రౌండు తేడా

సంపాదకుడు గారికి,

ఈ మధ్య మా దగ్గర జరిగిన స్కూలు ఆటల పోటీల్లో మా మేనకోడలు 400 మీటర్లు పరుగెత్తింది. తొమ్మిదో తరగతి పిల్ల. వరంగల్ జిల్లా కల్లెడ నుంచి వెళ్లిన జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో ఇదే పరుగులో కాంస్యం తెచ్చినప్పటి నుంచి దీనికి వేరే ఆట నచ్చదు. అయిదో లేన్ ఇచ్చారు, నాలుగో స్థానంలో వచ్చింది. మొదటి మూడు బహుమతులు సరిగ్గా ఒకటి, రెండు, మూడు లేన్లకే పోయాయి.

నాకు అనుమానం వచ్చింది. నేను కరెంటు లైన్‌మన్‌ను, టేపు ఎప్పుడూ బండి డిక్కీలోనే ఉంటుంది. పోటీ అయ్యాక ముగ్గు గీతలు కొలిచాను. లేన్ వెడల్పు 1.22 మీటర్లు, బాగానే ఉంది. బయటి లేన్‌లో రౌండు పొడుగవుతుంది కాబట్టి, స్టార్టింగ్ దగ్గర ఒక్కో లేన్‌ను దాని లోపలి లేన్ కంటే ఏడున్నర మీటర్ల పైచిలుకు ముందుకు జరిపారు. పెద్ద స్టేడియంలో అది సరిపోతుంది, అక్కడ 400 అంటే ఒకటే రౌండు. మా గ్రౌండులో రౌండు 200 మీటర్లే, పిల్లలు రెండుసార్లు తిరగాలి.

రౌండుకు ఒక్కో లేన్ తేడా 1.22ను 6.28తో (అంటే రెండు పైలతో) గుణిస్తే వస్తుంది, 7.67 మీటర్లు. గ్రౌండు పెద్దదైనా చిన్నదైనా ఇదే లెక్క. రెండు రౌండ్లూ ఎవరి లేన్‌లో వాళ్లే పరుగెత్తాలంటే 15.33 ఇయ్యాలి. సగమే ఇచ్చారు. మా పిల్ల 30 మీటర్లు ఎక్కువ పరుగెత్తింది, ఆరో లేన్ పిల్ల 38. ఆ ఎక్కువ దూరం పడేది కూడా చివర్లోనే. మూడు వందలు దాటాక కాళ్లు బిగుసుకుపోతాయి, మెడ వెనక్కి వాలుతుంది. ఆ వయసు పిల్లలకు 30 మీటర్లంటే అయిదారు సెకన్లు.

అడిగితే ఒక సారు, "బయటి లేన్‌లో వంపు తక్కువ కదమ్మా, సుఖమే" అని పిల్లకే చెప్పి పంపించాడు. వంపు తక్కువన్నది నిజమే. 2016 రియో ఒలింపిక్స్‌లో దక్షిణాఫ్రికా రన్నర్ వేడ్ వాన్ నీకెర్క్ ఎనిమిదో లేన్ నుంచే 43.03 సెకన్లతో ప్రపంచ రికార్డు కొట్టాడు. కానీ ఆయన పరుగెత్తింది 400 మీటర్లే, 430 కాదు.

చిన్న గ్రౌండులో 15 మీటర్ల చొప్పున జరపడం కష్టమే, ఆరో లేన్ 76 మీటర్లు ముందుకు పోతుంది. దానికీ దారి ఉంది. ఇండోర్ ట్రాక్ కూడా 200 మీటర్లే. అక్కడ మొదటి రౌండు లేన్లలో పరుగెత్తి, తర్వాత అందరూ లోపలి లేన్‌లోకి వస్తారు. అట్లా చేస్తే మనవాళ్లు గీసిన గీతలే సరిపోతాయి. స్టార్టర్ ఆ ఒక్క మాట ముందే చెప్పి, లోపలికి వచ్చే చోట రెండు జెండాలు పాతితే చాలు.

విద్యాశాఖ వాళ్లు వచ్చే పోటీలకు ముందు ఈ లెక్కను పీఈటీలందరికీ ఒక కాగితం మీద పంపాలి. కల్వకుర్తి చుట్టుపక్కల ఎక్కడ గ్రౌండు గీస్తున్నా, డ్యూటీ లేని రోజైతే టేపు పట్టుకొని నేనే వస్తాను.

ఒక లైన్‌మన్,
కల్వకుర్తి, నాగర్‌కర్నూల్ జిల్లా